తల నెరవనోళ్ళు

ముత్యం ఇంట్లో మగవాళ్ళు మంచం పట్టరు. జగిత్యాల దిక్కున వాళ్ళ ఊళ్ళో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. మందుల వాసన, కోడళ్ళ విసుగు, పక్క మార్చమని పిలుపులు, ఇవేవీ ఆ ఇంటి మగవాడు ఎరగడు. తింటాడు, పడుకుంటాడు, తెల్లారి లేవడు. ఊళ్ళో ముసలాయన ఎవరైనా ఏళ్ళ తరబడి మంచంలో తీసుకుంటుంటే, చూడబోయినవాళ్ళు బయటికొచ్చి, చస్తే ముత్యం వాళ్ళింటి మగాళ్ళలా చావాలి, దేనికైనా పెట్టి పుట్టాలి అని నిట్టూర్చేవాళ్ళు. చావులో కూడా పదిమంది అసూయపడే ఇల్లు అది.

ఆ ఇంటికి ఇంటిపేరు వేరే ఉన్నా, ఊరు పిలిచే పేరు తల నెరవనోళ్ళు. ఆ పేరు గోత్రాలు చెప్పే వెంకటరాజు వాళ్ళ నోటి నుంచి వచ్చింది. కోతల కాలంలో ఊరికి వచ్చి, కులపోళ్ళ ఇళ్ళ ముందు నిలబడి, పై నుంచి కిందికి వంశమంతా చదివి, తమ వంతు వడ్లు పోయించుకుని పోయే వృత్తి వాళ్ళది. ముత్యం వాళ్ళ వాకిట్లో మాత్రం ఆ గొంతు ఒక మెట్టు పైకి లేచేది. "మంచం పట్టని మారాజులు, తల నెరవని దొరలు" అని అందుకునేవాడు. గడపలో నిలబడ్డ ఆడవాళ్ళు కొంగు సర్దుకుని వినేవాళ్ళు, చేట నిండా పోసేవాళ్ళు. పొగడ్తను విడదీసి చూసే పాపిష్టి అలవాటు మనవాళ్ళకు లేదు కదా. ఉంటే ఆ వాకిట్లోనే ఎవరో ఒకరు భయపడి ఉండేవాళ్ళు.

కొడుకు పరమేశ్ పాకుతున్నప్పుడు ముత్యం బహ్రెయిన్ వచ్చాడు. ఆ పిల్లవాడికి ఇప్పుడు మీసాలొచ్చాయి. ఊరివాళ్ళు ఇప్పటికీ ముత్యం దుబాయిలో ఉన్నాడనే అంటారు. గల్ఫంతా వాళ్ళకు దుబాయే. సల్మాబాద్ క్యాంపులో మకాం, కంపెనీ బస్సు ఎక్కడ దించితే అక్కడ సెంట్రింగ్ పని. చెక్కలు కోసి, స్లాబు కింద పెట్టెలు కట్టి, కాంక్రీటు గట్టిపడ్డాక విప్పుతాడు. తమ్ముడు రాజనర్సును కూడా తనే రప్పించుకున్నాడు. తమ్ముడికి సీఫ్‌లో ఒక పెద్ద మాల్‌లో క్లీనింగ్ డ్యూటీ. క్యాంపు గదిలో అన్నది పై మంచం, తమ్ముడిది కింది మంచం.

ముత్యానికి ఒక రహస్యముంది. అతని తల నెరుస్తోంది. నలభైకి ఇంకా చాలా దూరం ఉండగానే చెవుల పక్క తెల్లగా మెరిసింది. తల నెరవని ఇంట్లో పుట్టి తల నెరిస్తే ఊళ్ళో ఏం పరువుంటుంది? అందుకని పనికి సెలవుండే శుక్రవారం శుక్రవారం నల్లరంగు కలుపుకునేవాడు. ముందు భాగం తనే పూసుకునేవాడు. చెయ్యి అందని వెనక భాగానికి రాజనర్సు పాత పళ్ళ బ్రష్షుతో రాసేవాడు. రాస్తూ, అన్నకు పోలికలన్నీ తల్లి దిక్కువి వచ్చాయని, తనే అసలైన వంశోద్ధారకుడినని ఏడిపించేవాడు. సెలవు మీద ఊరికి పోయినప్పుడు ముత్యం ఎన్ని తిప్పలు పడేవాడో గానీ, ఇన్నేళ్ళలో భార్య మల్లిక కంట కూడా ఒక్క తెల్ల వెంట్రుక పడనివ్వలేదు.

అన్నదమ్ములిద్దరి ఆశలూ పరమేశ్ మీదే. వాడు డిగ్రీ చదువుతూ పోలీసు కానిస్టేబుల్ సెలక్షన్లకు తయారవుతున్నాడు. తెల్లవారక ముందే ఊరి బయట గ్రౌండులో పరుగు. ఆ పరుగుకు బూట్లు ఇక్కడి నుంచే వెళ్ళాయి. రాజనర్సు డ్యూటీ దిగాక మాల్‌లోని దుకాణాలన్నీ తిరిగి, సేల్స్‌మన్ విసుక్కున్నా వదలకుండా ప్రతి జతనూ వంచి చూసి, చివరికి ఎర్ర గీతలున్నవి ఒకటి ఎంచాడు. అన్న కొడుకు ఖాకీ బట్టల్లో నిలబడ్డ ఫొటో మొదట తనకే పంపాలని షరతు కూడా పెట్టాడు.

ఎండలు ముదిరిన నెలలో ఒక పొద్దున కంపెనీ బస్సు హారన్ కొట్టింది. ముత్యం మంచం దిగి, ముసుగుతన్ని పడుకున్న తమ్ముణ్ణి తట్టాడు. "లెవ్వురా, బస్సు పోతది" అన్నాడు. కదల్లేదు. మొద్దు నిద్ర అని తిట్టాడు, దుప్పటి లాగాడు, ఎదురు మంచం మీది నర్సింగ్‌కు చూపించి నవ్వాడు కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ముత్యానికి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. తమ్ముడి పాదాలు పట్టుకున్నాక గానీ తెలియలేదు, అది ఏసీ చల్లదనం కాదని.

గుండె ఆగిపోయిందన్నారు. సెలవు మీద పోవలసిన నర్సింగ్ శవపెట్టె వెంట వెళ్ళాడు. ముత్యానికి సెలవు దొరకలేదు. ఫోనులో తల్లి ముత్తెమ్మ ఏడ్చి ఏడ్చి, చివరికి తేరుకుని, "ఏంజేస్తం కొడుకా, మనింటి మొగోని లెక్కనే పోయిండు. పుణ్యాత్ముడు" అంది. ఆ మాట ముత్యానికి కొండంత ఊరట. క్యాంపులో పలకరించడానికి వచ్చిన ప్రతివాడికీ తనూ అదే చెప్పాడు. శుక్రవారం వచ్చినప్పుడు రంగు కలిపి ముందు భాగానికి పూసుకున్నాడు. పళ్ళ బ్రష్షు చేతిలోకి తీసుకుని చాలాసేపు కూర్చుని, మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు. వెనక భాగానికి ఆ వారం రంగు పడలేదు, ఆ తర్వాతా పడలేదు. టోపీ ఉండగా ఎవరు చూస్తారులే అనుకున్నాడు.

నిద్ర లేని కళ్ళతో తుబ్లీ సైటులో చెక్క కోస్తుంటే రంపం అరచేతి మీదికి వచ్చింది. దగ్గర్లోని క్లినిక్‌కు తీసుకెళ్ళారు. అక్కడి నర్సు నిస్సీ గోదావరి జిల్లా మనిషి. శుక్రవారాలు చర్చిలో తెలుగు ప్రార్థనలకు పోయే మనిషి కాబట్టి తెలుగువాడు కనబడితే కట్టు కట్టి ఊరుకోదు, కబురంతా అడుగుతుంది. తమ్ముడి సంగతి విని బాధపడింది. రెండోసారి కట్టు మార్చేటప్పుడు, మీ తమ్ముడికి ముందు నుంచీ జబ్బేమైనా ఉండేదా అని అడిగింది. ఏమీ లేదన్నాడు ముత్యం.

"మరి మీ నాన్నగారు ఎలా పోయారండి?"

"బాపు సుత గంతే సిస్టర్, నిద్రల్నే. మా తాత గంతే. మా ఇంట్ల మొగోళ్ళు మంచం పట్టరు."

ఆ మాట అంటున్నప్పుడు అతని మెడ కాస్త నిటారుగానే ఉంది. నిస్సీ చేతిలో గుడ్డ చుట్టడం ఆగింది. వాళ్ళకు అప్పుడు ఎంత వయసుంటుందని అడిగింది. ముత్యం నవ్వాడు. తాత అంటే తాతే, తాతకు వయసేమిటి అన్నాడు. ఆమె నవ్వలేదు. ఎంత వయసని మళ్ళీ అడిగింది. తండ్రిని తలుచుకుంటే గుమ్మమంత మనిషి కనబడతాడు, తనను భుజం మీద కూర్చోబెట్టుకుని కల్లు మండువకు నడిచిపోతుంటాడు. పిల్లవాడి కళ్ళకు తండ్రి ఎప్పుడూ పెద్దవాడే. ఆ పెద్దమనిషికి ఎన్నేళ్ళో అతనికి తెలియదు.

"కనుక్కోండి. తప్పకుండా కనుక్కోండి" అంది నిస్సీ. ఇంట్లో ఇంకా మగపిల్లలున్నారా అని అడిగితే, కొడుకున్నాడని, పోలీసు ఉద్యోగం కోసం పరుగు నేర్చుకుంటున్నాడని చెప్పాడు. ఆమె మొహంలో మారిన రంగు చూసి ముత్యానికి మొదటిసారి భయమేసింది.

అట్లా మొదలైంది వంశం వెతుకులాట. ముందు తల్లిని అడిగాడు. ముత్తెమ్మకు కోపమొచ్చింది. చచ్చినవాళ్ళను పైకి తవ్వితే ఏమొస్తుంది, పెత్రమాసకు పెద్దల పేరు మీద బియ్యమిచ్చి దండం పెట్టుకుంటే చాలదా అని కసిరింది. ఎప్పుడు పోయారంటే, కరువు పోయిన మరుసటేడు అంది, పెద్ద చెరువు తెగినప్పుడు అంది. ఆ ఆనవాళ్ళు పట్టుకుని వయసు లెక్కగట్టడం ఎవరి తరం?

అప్పుడు వెంకటరాజు గుర్తొచ్చాడు. ఆయన ఇప్పుడు జగిత్యాలలో ఆటో నడుపుతున్నాడు. వంశాలు వినేవాళ్ళు తగ్గారు గానీ నోటికొచ్చినవి ఎక్కడికి పోతాయి? ముత్యం ఫోన్ చేసి అడగ్గానే ఆటో పక్కకు ఆపి, మొహమాటం లేకుండా గొంతెత్తి అందుకున్నాడు. పోశెట్టి కొడుకు ఆశన్న, ఆశన్న కొడుకు లింబయ్య, ఒక్కొక్కరి పేరు ముందూ అదే పొగడ్త, తల నెరవని దొర. చిన్నప్పుడు విన్నప్పటి పులకరింత ఈసారి రాలేదు. ఏదో అడ్డం తగిలింది. వంశంలో ఆశన్న అంటే ముత్యానికి సొంత తాత. ఇంట్లో ముందరి గదిలో ఆశన్న తాత ఫొటో ఉంది. పెద్ద రుమాలు, తెల్లని మీసాలు, రుమాలు కింద తెల్లని జుట్టు. మరి తల నెరవని దొర ఎట్లా అయ్యాడు?

అదే అడిగాడు. వెంకటరాజు పాట ఆపాడు. ఆయనకు కాస్త నొప్పి కలిగినట్టుంది.

"ఫొటో సంగతి నాకెరుక లేదు పటేలా. మా అయ్య కండ్లార చూసిందే చెప్పిండు. మేం చూడంది చెప్పం" అన్నాడు.

ముత్యం మళ్ళీ తల్లికి ఫోన్ చేశాడు. ఫొటో సంగతి అడిగేసరికి ముత్తెమ్మ నవ్వేసింది. కొడుకు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

"మీ తాతకు ఫొటో యాడిది కొడుకా? మీ బాపు పెండ్లి ఫొటో తీస్కపోతే, స్టూడియో ఆయన దానికే తెల్ల మీసాలు, రుమాలు పెట్టిచ్చిండు. తాతంటే తెల్లగుండాలె గదా అన్నడు."

పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ముత్యం ఆ పటానికి దండం పెట్టుకున్నాడు. మొహం తండ్రిది, ముసలితనం స్టూడియో వాడిది. తండ్రీ చూడని, తాతా చూడని ముసలితనాన్ని కుంచెతో పూసి గోడకు తగిలించారు. ఇంటిల్లిపాదీ దాని కింద నిలబడి, మనవాళ్ళు నిండుగా బతికి పోయారని నమ్మారు.

ఇక మిగిలింది కనకవ్వ. ఆశన్న తాతకు చెల్లెలు. పక్క ఊళ్ళో ఉంటుంది, చెవులు వినబడవు గానీ మతి చెక్కు చెదరలేదు. ఆమె కోడలు ఫోన్ పట్టుకుని ప్రశ్నలను చెవిలో అరిచింది. ముసలమ్మ చాలా మామూలుగా, వంటింటి సంగతి చెప్పినట్టు చెప్పింది.

"మా అన్న పోయిన్నాడు మీ బాపుకు పుట్టెంటికెలు సుత తియ్యలే. ఏములాడ గుడికి పోయి తియ్యాలనుకున్నరు. దినాల కాడ తీసిర్రు."

ముత్యం క్యాంపు మెట్ల మీద కూర్చుండిపోయాడు. కింద ఎవరో బట్టలు పిండుతున్నారు. పుట్టువెంట్రుకలు తియ్యని పిల్లవాడి తండ్రి ఎంతటివాడై ఉంటాడు? మీసం సరిగ్గా మొలిచిన కుర్రవాడు. వాడే తాత. ఆ తాత తండ్రి పోశెట్టి గురించి కూడా అడిగించాడు. తన తండ్రి మొహం తనకే గుర్తు లేదంది కనకవ్వ. తనను భుజం మీద మోసిన బాపు కూడా ముప్పై దాటి ఉండడు. అంటే తమ వంశంలో తాతలే లేరు. అందరూ కుర్రవాళ్ళే. రాజనర్సు వాళ్ళ వెనకే పోయాడు. ఆ వరుసలో అందరికంటే పెద్దవాడు, బతికి మెట్ల మీద కూర్చున్న తను. పుణ్యపు చావులని ఊరు అసూయపడింది వీటినే.

నిస్సీ పట్టుబట్టి గుండె డాక్టరుకు చూపించింది. స్కాన్ తీశారు. గుండె గోడ ఒక పక్క ఉండవలసిన దానికంటే మందంగా ఉందని, అది పుట్టుకతో వంశంలో దిగే జబ్బని, కొందరు దానితోనే ముసలివాళ్ళవుతారని, కొందరు ఏ సూచనా లేకుండా నిద్రలోనో పరుగులోనో పోతారని డాక్టరు అన్న మాటలను నిస్సీ తెలుగులో చెప్పింది. ముత్యానికి మాత్రలిచ్చారు, బరువులు వద్దన్నారు. కొడుకును వెంటనే చూపించాలని, చూపించేదాకా ఒక్క అడుగు కూడా పరిగెత్తకూడదని అన్నారు. తన సంగతి అతనికి సగమే వినబడింది. ఎర్ర గీతల బూట్లు కళ్ళ ముందు కదిలాయి.

ఇంటికి ఫోన్ చేస్తే ఇల్లంతా ఒక్కటైంది. పుణ్యాత్ములను రోగిష్టివాళ్ళను చేస్తావా, కన్న కొడుకు ముందు చావు మాటలెత్తుతావా అని ముత్తెమ్మ శాపనార్థాలకు దిగింది. ఏడాదంతా పరిగెత్తినవాణ్ణి సెలక్షన్లు ముంగిట్లోకి వచ్చాక ఆపమంటే ఎట్లా అని మల్లిక ఏడ్చింది. పరమేశ్ మాత్రం కోప్పడలేదు. చిన్నబాపు పోయిన దిగులుతో నువ్వట్లా అంటున్నావని తండ్రినే ఓదార్చాడు. ముత్యం బతిమాలాడు, తిట్టాడు, ఒట్టు పెట్టాడు. సముద్రం ఇవతల కూర్చున్న తండ్రి మాటకు బలమెంత? సరే ఆపుతాలే అన్నాడు కొడుకు. ఆ సరే ఎలాంటిదో ముత్యానికి తెలుసు.

అప్పటి నుంచి పొద్దుటిపూటలు నరకమయ్యాయి. ఇక్కడ అతను కళ్ళు తెరిచేసరికి అక్కడ బారెడు పొద్దెక్కి ఉంటుంది. పరుగు అయిపోయి ఉంటుంది. జరిగేది జరిగిపోయి ఉంటుంది, తనకు తెలియడమే ఆలస్యం. లేవగానే ఫోన్ తీసి కొడుకు పేరు పక్కన ఆన్‌లైన్ అని కనబడిందా లేదా చూసుకునేవాడు. కనబడితే ఆ రోజుకు బస్సెక్కేవాడు. ఖాళీగా ఉన్న కింది మంచం వైపు మాత్రం చూసేవాడు కాదు.

ఒకరోజు ఆన్‌లైన్ కనబడలేదు. బస్సు సల్మాబాద్ దాటింది, తుబ్లీ చేరింది, కనబడలేదు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. మల్లికకు చేస్తే, వాడు పొద్దున పోయినవాడు ఇంకా రాలేదని, దోస్తులతో ఎక్కడో ఉంటాడని అంది. సూపర్‌వైజర్ పనిలోకి రమ్మని యల్లా యల్లా అని అరుస్తున్నా ముత్యం చెక్కల కుప్ప పక్కన నిలబడే ఉన్నాడు. ఆ గంటలో అతను మొక్కని దేవుడు లేడు. నిస్సీ దేవుడికి కూడా మొక్కాడు.

ఫోన్ మోగింది. వీడియో కాల్. పరమేశ్ గ్రౌండు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది, మొహానికి మట్టి. బూట్లు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఉరుకుతాంటే కండ్లకు చీకట్లొచ్చినయి బాపూ. పడ్డ. ఇంతకుముందు సుత అయింది. ఎవ్వలకు చెప్పలే" అన్నాడు.

బతికి మాట్లాడుతున్నాడు, అది చాలు. కొడుకు ఒళ్ళోని బూట్ల లేసులు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు.

"మనింట్ల ఎవ్వలకు తల నెరవలేదట గదా. నాకు సుత నెరవదా?"

ఇన్నేళ్ళ శుక్రవారాలు ముత్యం కళ్ళ ముందు తిరిగాయి. టోపీ తీశాడు. వెనక్కి తిరిగి, ఫోను తల వెనక పట్టుకున్నాడు. ఎండలో, సిమెంటు దుమ్ములో, తమ్ముడి చెయ్యి పడని ఆ భాగమంతా మెడ దాకా తెల్లగా పెరిగి ఉంది.



"అది రంగు కాదు గదా బాపూ?" అన్నాడు పరమేశ్. గోడ మీది పటం కథ ముత్తెమ్మ వాడికి కూడా చెప్పినట్టుంది.

"రంగు ముందటున్నది బిడ్డా. ఎనుకున్నది నా ఎంటికెలే" అన్నాడు ముత్యం.

మరునాడు కరీంనగర్‌లో తీసిన స్కాన్‌లో అదే మందం కనబడింది. పరుగు ఖలాస్. మాత్రలు మొదలయ్యాయి. వాడి ఏడుపు తగ్గడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఎవరికి తెలుసు? ముత్యం క్యాంపు మంగలి దగ్గర ముందున్న నలుపంతా తీయించేసుకున్నాడు. సెలవు నుంచి తిరిగొచ్చిన నర్సింగ్ అతణ్ణి ముసలోడా అని పిలవడం మొదలుపెట్టాడు, ఆ పిలుపు ముత్యానికి తీపిగానే ఉంది.

ఇప్పుడు పొద్దున అతను కళ్ళు తెరిచేసరికి ఫోనులో కొడుకు పంపిన మాట వచ్చి ఉంటుంది. లేచిన బాపూ, నువ్వు లేచినవా అని. ముత్యం కింది మంచం వైపు ఒకసారి చూసి, లేచిన అని జవాబు కొడతాడు. అది చేరేదాకా అక్కడ పరమేశ్ ఫోను కింద పెట్టడు.